గురువారం

ఇయాల కందుకూరు కోర్టుకి పోయొచ్చా మావా.
మన డిపో బస్సే. కండక్టరు కొత్త పిల్లోడు, నన్నెరగడు.
నీ సంచీ లాంటిదే వాడి సంచీ,
మూల కుట్లు ఊడి చిల్లర కనపడతా ఉంది.

నీ ఆఫీసోళ్ల లెక్కలో నీకు ఇద్దరు పెళ్లాలు.
ఉద్యోగం పుస్తకంలో పెంచలమ్మ,
పాస్టరయ్య పుస్తకంలో దొర్కమ్మ.
"కట్టుకున్నది ఎవర్ని, ఉంచుకున్నది ఎవర్ని?"
బల్ల వెనకాయన అడిగితే
నవ్వొచ్చింది మావా, ఏడవాల్సిన చోట.
ఇద్దరికి కూడు పెట్టేంత జీతమా నీది!

అందుకే కోర్టు.
వకీలు మంచోడే, ఫీజు వాయిదాల మీద తీసుకుంటున్నాడు.
తలుపు దగ్గరికేసి చెప్పాడు:
"పాస్టరు పుస్తకం తెస్తే నువ్వు పెళ్లానివి అవుతావు,
నీ కొడుకు ఎస్సీ కాకుండా పోతాడు.
టీచరు లిస్టులో వాడి పేరు నిలబడింది
ఆ ఒక్క కాయితం మీద.
తేకపోతే వాడుంటాడు, నువ్వుండవు.
కాబట్టి మాలకొండ మీద పెళ్లయిందని చెప్పు.
నీ మొగుడి పేరు మాలకొండయ్యే గదా, నమ్ముతారు.
కొండ మీద గుడి తెరిచేది శనివారమొక్కటే.
శనివారం. మర్చిపోకు."

మన పెళ్లి గురువారం.
బ్యారన్లో ఆకు కాలతా ఉంది,
పెళ్లికొచ్చినోళ్ల చేతులన్నీ పొగాకు జిగటే.
పాస్టరయ్య సైకిలు పంచరై
పదింటికి రావాల్సినోడు ఒంటిగంటకి వచ్చాడు.
తాళిబొట్టు మీద శిలువకి అడ్డగీత
కంసాలి పొడుగ్గా పోశాడు,
"ఇది శిలువ కాదే, కూడిక గుర్తు" అన్నావు
నా మెడ వెనక ముడేస్తా.
ఇంటికొస్తే మీ అమ్మ గడపలో టెంకాయ కొట్టింది.
పాస్టరయ్య మొహం మాడ్చుకున్నాడు.
"మీ దేవుడికి మీరు చెప్పారు,
నా దేవుడికి నేను చెప్పుకోవద్దా" అంది ముసల్ది.
ఇద్దరికీ తెలుసు మావా మన సంగతి.
తెలవంది ఆఫీసుకే.

బంట్రోతు "పెంచలమ్మా" అని మూడుసార్లు కేకేశాడు.
మూడోసారికి గాని అది నేనేనని తట్టలా.
ఓటుకి పోయినప్పుడు తప్ప ఆ పేరుతో నేను యాడా లేను.
నువ్వు ఏ పేరూ పెట్టి పిలవలా గదా,
"ఇదిగో" అనేవాడివి.
రాత్రి డ్యూటీ దిగి వాకిట్లో చెప్పులిడస్తా
"ఇదిగో" అంటే
కంచం పెట్టేదాన్ని.
దానికి సర్టిఫికెట్ ఎవురిస్తారు?

బోనెక్కించి, దేవుడి ఎదట అంతా నిజమే చెబుతానని అనమన్నారు.
ఏ దేవుడని వాళ్లు అడగలా.
నేనూ అడగలా. అన్నా.

"పెళ్లి ఏ వారం జరిగిందమ్మా?"
శనివారాన్ని నోట్లో పెట్టుకునే పోయా మావా,
బస్సులో దోవ పొడుగూతా వక్కలాగా నములుతానే ఉన్నా.
వెనక బెంచీ మీద పిల్లోడు, నీ చొక్కా వేసుకోనొచ్చాడు,
మోచేతుల కాడ వదులు.
వాడి వంక చూడకూడదనుకున్నా. చూశా.
"బ్యారన్లు కాల్చే కాలం అయ్యా" అన్నా.
"వారం అడిగితే కాలం చెబుతావేందమ్మా"
జడ్జిగారు నవ్వారు. అందరూ నవ్వారు.
పిల్లోడు నవ్వలా.

పద్దెనిమిదో తారీకుకి వాయిదా.
"ఈసారి వారం చెప్పాల్సిందే" అన్నాడు వకీలు,
ఆదివారాలు చర్చి వైపు పోబాకంట అప్పటిదాకా.
పద్దెనిమిది ఏ వారమని టీ కొట్టాయన్ని అడిగా.
గోడ మీద క్యాలెండరు చూసి చెప్పాడు.
గ్లాసు కింద పెట్టి, ఏమీ అనకుండా బస్సెక్కా.

ఇంటికొచ్చి డబ్బా మూత తీశా.
నీ విజిలూ, నా తాళీ ఒకదాంట్లో ఒకటి చిక్కుకోనున్నాయి.
విడదీయడానికి చానాసేపు పట్టింది.
కుంకుడు రసంలో వేసి కూడిక గుర్తుని కడిగా.
విజిలు ఊది చూశా, ఒక్కసారే, మెల్లిగా.
పక్క గదిలో పిల్లోడు లేచి కూర్చున్నాడు.